ఏడో షెడ్డు బియ్యం

తెల్లవారితే చాలు, ఆ వీధంతా అన్నం ఉడికిన వాసన కమ్ముకుంటుంది. అది ఏ ఇంటి పొయ్యి మీదిదీ కాదు. కాలవ అవతల ఫ్యాక్టరీలో బియ్యాన్ని పిండి కొట్టి, ఉడకబెట్టి, పులియబెట్టి, బళ్ళల్లో పోసుకునే ఇంధనం తీస్తారు. ఉడకబెట్టడం పొద్దున్నే మొదలవుతుంది గనక, జనం ఖాళీ కడుపులతో లేచే వేళకి సరిగ్గా ఆ ఆవిరి కిటికీల్లోంచి లోపలికొస్తుంది. కొత్తల్లో పిల్లలు లేచి కూర్చుని పళ్ళాల కోసం చూసేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళక్కూడా తెలిసిపోయింది.

జల్లెడమ్మ ఇంట్లో అత్తగారికి మాత్రం తెలియదు. ఆవిడకి మతిమరుపు. ప్రతి ఉదయమూ ఆ వాసన ఆవిడకి కొత్తే.

"ఏమే, అన్నం మెత్తబడిపోతోంది. గంజి వార్చవే," అంది మంచం మీంచి.

"వారుస్తున్నా అత్తయ్యా."

పొయ్యి వెలిగిస్తేగా వార్చడానికి! రేషన్ షాపులో నాలుగు నెలలనించీ సగం సరుకే ఇస్తున్నారు. పొద్దుటిపూట వంట మానేసి కూడా అంతే కాలమైంది. జల్లెడమ్మ వంటింట్లోకి వెళ్ళి, ఖాళీ గిన్నె మీద మూత చప్పుడు చేసి, చెంబుడు నీళ్ళు తూములోకి సన్నగా వంపింది. ఆ చప్పుడు విని ముసలావిడ తృప్తిగా కళ్ళు మూసుకుంది. కాసేపటికి మళ్ళీ అడుగుతుంది. అప్పటికి కోడలు గోడౌను దారి పట్టి ఉంటుంది.

గోడౌనులో ఆమె పని బియ్యం పరీక్ష. ఇరవయ్యేళ్ళుగా అదే పని కావడంతో అక్కడ అందరికీ ఆమె జల్లెడమ్మ. బస్తాలో ఇనప గొట్టం గుచ్చితే గొట్టం నిండా గింజలొస్తాయి. వాటిని నల్ల పలక మీద పోసి, వంద గింజలు లెక్కపెట్టి, పుల్లతో ఒక్కొక్కటే జరుపుతూ పురుగు పట్టినవీ, పసుపు తిరిగినవీ, బూజు పట్టినవీ వేరు చేస్తుంది. వందలో పది దాటితే ఎర్ర ముద్ర. అంటే తిండికి పనికిరాదు, ఫ్యాక్టరీకి పోతుంది. పదిలోపు ఉంటే పచ్చ ముద్ర. అది రేషన్ షాపులకీ, బడుల్లో పిల్లల వంటశాలలకీ వెళ్తుంది. మనుషులు తినే గింజని ఫ్యాక్టరీ ముట్టుకోకూడదని చట్టం. చట్టం మంచిదే. కాకపోతే ఏది తినే గింజో తేల్చే పని ఒక రబ్బరు ముద్రకి అప్పజెప్పారు.

గొట్టం గుచ్చడానికి ఒక పద్ధతుంది. పేర్చిన బస్తాల నిట్టుకి నాలుగు మూలలా నాలుగు చోట్ల, పైకెక్కి నడిమధ్య ఒకచోట గుచ్చాలి. "ఐదు చోట్ల అడిగితేగానీ నిట్టు నిజం చెప్పదు," అనేవాడు ఆమెకి పని నేర్పిన పెద్దాయన. ఏడాదిగా ఆ పద్ధతి పోయింది. హమాలీల మేస్త్రీయే గింజలు పళ్ళెంలో పోసి తెచ్చి బల్ల మీద పెడుతున్నాడు. "నడుం నొప్పంటావు కదమ్మా, నీకెందుకు నిచ్చెనలెక్కే బాధ?" అన్నాడు మేనేజరు ఆ మొదటి రోజున. నడుం నొప్పి మాట నిజమే. ఆమె కాదనలేదు. పళ్ళెంలో ఉన్న గింజల గురించి ఏనాడూ అబద్ధం రాయలేదు కూడా. ఆ పళ్ళెం ఎక్కణ్ణించి వచ్చిందో మాత్రం అడగలేదు. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లికి కూడా అంత నిష్ఠ ఉండదు. అలా ఏడాదిలో ఆరు షెడ్లకి ఎర్ర ముద్ర పడింది. మిగిలింది ఏడోది.

ఆ సోమవారం ఏడో షెడ్డు పళ్ళెం వచ్చింది. వందకి ఇరవయ్యారు చెడ్డవి. జల్లెడమ్మ ఎర్ర ముద్ర చేతిలోకి తీసుకుంది గానీ వెయ్యలేకపోయింది. ముందురోజే చెల్లెలు ఇంటికొచ్చి వెళ్ళింది. చెల్లెలు బడిలో పిల్లలకి వండి పెడుతుంది. "ఏడో షెడ్డు మా బడులకేనట కదక్కా? పిల్లలకి సగం గరిటే పెడుతున్నాను. నా చెయ్యి చూస్తే నాకే అసహ్యంగా ఉంది. ఈసారైనా వస్తాయా?" అని అడిగింది. అక్క మంచినీళ్ళిచ్చింది.

ఆమె ముద్ర కింద పెట్టి, బీరువా పక్కన తుప్పు పట్టిన ఇనప గొట్టాన్ని తీసి, చీర చెంగుతో తుడిచింది.

మేస్త్రీ గుమ్మంలో నిలబడ్డాడు. అరవై దాటినవాడు. భుజం మీద బస్తాలు మోసీ మోసీ మెడ ఒకపక్కకి ఒరిగిపోయింది. "ఎక్కడికి తల్లీ?"

"ఏడో షెడ్డుకి."

"పళ్ళెం తెచ్చాను కదా."

"ఏ వరసలోంచి తెచ్చావు బాబాయ్?"

అతను నెత్తి మీద తుండుగుడ్డ సర్దుకున్నాడు. తర్వాత గోడకి ఆనించిన నిచ్చెన భుజానికెత్తుకుని ముందు నడిచాడు. "కడుపు కూటికేడిస్తే కొప్పు పూలకేడ్చిందట. ఊరు తిండికేడుస్తుంటే బళ్ళు నూనెకేడుస్తున్నాయి. మనదేముంది, ఎటు మొయ్యమంటే అటు మొయ్యడమే," అన్నాడు వెనక్కి తిరగకుండానే.

ఏడో షెడ్డుకి ఖాళీ షెడ్ల ముందునించే వెళ్ళాలి. తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల నిట్లు నిలిచిన చోట సిమెంటు నేల తెల్లగా, చుట్టూ నల్లగా, చతురస్రాలు చతురస్రాలుగా కనిపిస్తోంది. ఒక్కో చతురస్రం ఆమె వేసిన ఒక్కో ముద్ర. పిచ్చుకలు కూడా రావడం మానేశాయి. అన్ని వేల బస్తాలూ తన బల్ల మీది పళ్ళెంలోంచే వెళ్ళిపోయాయి. ఆమెకి భయమేసింది. ఆ తలుపుల్లోంచి ఎవరో పిలుస్తారేమోనన్నంత భయం. తల దించుకుని గబగబా నడిచింది.

ఏడో షెడ్డులో మూడు వేల బస్తాలున్నాయి. మొదటి మూలలో గుచ్చింది. వందకి రెండు. రెండో మూలలో మూడు. మూడో మూలలో ఒక్కటి. నడుం పట్టుకుని నిచ్చెనెక్కి నిట్టు నడుమ గొట్టం దించితే, చల్లటి గింజ జలజలా చేతిలోకి రాలింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. శుభ్రమైన బియ్యం, నమిలితే పాలు వచ్చేలా ఉన్నాయి. అక్కడా రెండే. చివరి మూలలో, చెమ్మ గోడకి ఆనుకున్న అడుగు వరసలో మాత్రం ఇరవయ్యారు.

"ఇక్కణ్ణించేనా ఎప్పుడూ తెచ్చేది?"

"అన్ని షెడ్లకీ ఓ చెమ్మ గోడ ఉంటుంది తల్లీ," అన్నాడు మేస్త్రీ.

చెమ్మ పట్టినవి నలభై బస్తాలు. వాటిని పక్కకి లాగించి, మిగతా నిట్టు మొత్తానికీ పచ్చ ముద్ర వేసింది. ఆరు షెడ్లు పోయాక ఏడోదాని దగ్గర వచ్చిన బుద్ధి ఇది. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

కాగితం చూసి మేనేజరు కోప్పడతాడనుకుంది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివాడు. సౌమ్యుడు. ఎవరినీ కసిరి ఎరగడు. "నువ్వే ఎక్కి చూశావా? మంచి పని చేశావమ్మా. పనంటే అలా ఉండాలి," అన్నాడు. కాగితం సొరుగులో పెట్టి, "మీ అత్తగారికి ఒంట్లో బాగుండటం లేదన్నావు. ఈ ఏడాది నువ్వొక్క సెలవూ వాడుకోలేదు. బుధ గురువారాలు ఇంట్లో ఉండు. ఆవిణ్ణి చూసుకో," అన్నాడు.

ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నమస్కారం పెట్టింది.

మంగళవారం సాయంత్రానికి ఆ కబురు ఫ్యాక్టరీకి చేరింది. జల్లెడమ్మ భర్త పని చేసేది అక్కడే, పులియబెట్టే తొట్టెల దగ్గర. రెండేళ్ళు ఇంట్లో ఖాళీగా కూర్చున్నాక దొరికిన ఉద్యోగం. వచ్చీ రాగానే చొక్కా విప్పి చిలక్కొయ్యకి తగిలించాడు. చొక్కా నిండా అన్నం పులిసిన వాసన.

"పది రోజులకి సరిపడా గింజ ఉందట," అన్నాడు గోడతో మాట్లాడుతున్నట్టు. "ఏడో షెడ్డు రాకపోతే కొత్త పంట దాకా గేటు మూస్తారట. కొత్తగా చేరినవాళ్ళని ముందు పంపిస్తారట."

ఆమె పళ్ళెంలో అన్నం పెట్టింది. ఆయనకి, అత్తగారికి పెట్టాక తనకి గిన్నె అడుగున మాడు మిగిలింది.

"నేను పస్తుండమంటే ఉంటాను. అమ్మకేం చెబుతావు?"

"అవి మంచి బియ్యమండీ. నేనే చూశాను."

"నువ్వూ మంచిదానివే. ఆ మంచితనం గిన్నెలో వేస్తే ఉడుకుతుందా?"

ఆయన అన్నది తప్పని ఆమెకి అనిపించలేదు. ఆయన రెండు ముద్దలు తిని, మిగిలింది తల్లి పళ్ళెంలోకి తోశాడు. తర్వాత ఆ చొక్కా తీసుకుని పెరట్లోకెళ్ళి, ఉతికిందే మళ్ళీ ఉతికాడు. చాలాసేపు పిండుతూనే ఉన్నాడు.

బుధవారం అత్తగారికి తల దువ్వి, పక్క మార్చి, పక్కింటావిడకి కాస్త చూడమని చెప్పి, మధ్యాహ్నానికి జల్లెడమ్మ బడికి వెళ్ళింది. వంటశాల అంటే రేకుల కొట్టం, రెండు పొయ్యిలు, ఓ సామాను గది. పిల్లలు పళ్ళాలతో బయట వరసకట్టి ఉన్నారు. చెల్లెలు గరిటెని సగానికి ముంచి, ఎక్కువ వచ్చిన గింజల్ని గిన్నె అంచుకి రాసేస్తోంది. పిల్లల మొహాలు చూడకుండా గరిటెనే చూస్తూ వడ్డిస్తోంది.

"నిండా పెట్టవే," అంది అక్క.

"నిండా పెడితే నాలుగో రోజు ఏం పెట్టను? సగం సగం లాగితే ఈ నెలాఖరుదాకా వస్తాయి."

"శుక్రవారం లారీ వస్తుంది. ఏడో షెడ్డుకి పచ్చ ముద్ర నేనే వేశాను. ఈ చేత్తోనే."

చెల్లెలు గరిటె వదిలేసి అక్కని చూసింది. "నిజంగా? నా మీద ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

చెల్లెలు ఇంకో మాట అడగలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటినించీ అక్క చెప్పింది జరగకపోవడం ఆమెకి తెలియదు. గరిటె నిండా ముంచి, దాని మీద ఇంకాస్త వేసింది. వరస మొదట్లో ఉన్నవాడు పొరపాటనుకుని పళ్ళెం వెనక్కి లాక్కుని పరుగెత్తాడు. అందరూ నవ్వారు. కాసేపటికి కొట్టం చుట్టూ ఎక్కిళ్ళు వినపడ్డాయి. ఆత్రంగా తిని ఎక్కిళ్ళు తెచ్చుకున్న పిల్లల్ని చూసి అక్కచెల్లెళ్ళిద్దరూ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. జల్లెడమ్మ చాలా రోజులకి తేలిగ్గా ఇంటికి నడిచింది.

శుక్రవారం పొద్దున గోడౌను గేటు దగ్గరే ఆమె ఆగిపోయింది. ఫ్యాక్టరీ వాసన అలవాటైన ముక్కే. అయితే ఈ వాసన కాలవ అవతలనించి రావడం లేదు.

ఏడో షెడ్డు తలుపు కిందనించి నీళ్ళు సన్నగా కారుతున్నాయి. గంజి రంగు నీళ్ళు. లోపల నిట్టు పైనించి కింద దాకా నల్లగా తడిసి ఉంది. గోనెల మీద నురగ తేలింది. పై బస్తాలు ఉబ్బి కుట్లు పగిలాయి. ఆమె దగ్గరికెళ్ళి ఒక పగులులో మణికట్టు దాకా చెయ్యి దూర్చి, చటుక్కున వెనక్కి తీసింది. లోపల వేడిగా ఉంది. జ్వరమొచ్చిన పిల్ల ఒళ్ళులా కాలిపోతోంది.

"బుధవారం అగ్నిమాపక విన్యాసం పెట్టామమ్మా." మేనేజరు వెనకనించి వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఏటా చేసేదే కదా. మంటలొస్తే పైపులు ఎంత దూరం అందుతాయో చూడాలని పై ఆఫీసు ఆర్డరు. ఇదిగో రిజిస్టరు."

"ఏటా ఆవరణలో చేస్తాం సార్."

"మంట ఆవరణలోనే పుడుతుందా? నిప్పుకి దారి చెప్పగలమా?"

"తడిసిన రోజే ఎండలో పరిస్తే బాగుపడేవి. ఒక్క రోజులో ఆరేవి. ఎవరూ పరవలేదా?"

"చెప్పేవాళ్ళెవరు? బియ్యం సంగతి తెలిసినదానివి నువ్వు. నువ్వేమో సెలవులో ఉన్నావు." ఆయన గొంతులో వెటకారం లేదు. నిజంగానే విచారిస్తున్నవాడిలా ఉన్నాడు. "మళ్ళీ పరీక్ష చెయ్యాలమ్మా. ఈసారి పళ్ళెం వద్దు. నీ ఇష్టమొచ్చిన ఐదు చోట్ల నువ్వే గుచ్చు."

ఆమె గుచ్చింది. మేస్త్రీ నిచ్చెన పట్టుకున్నాడు గానీ ఆమె వైపు చూడలేదు. పైకెక్కుతుంటే మెల్లగా అన్నాడు: "పైపు పట్టింది నేనే తల్లీ. నువ్వుంటే అడ్డం పడతావని నిన్ను ఇంటికి పంపారు. నాకు తెలుసు. తెలిసీ పట్టాను. తిలా పాపం తలా పిడికెడు."

"ఆరు షెడ్లు నావి బాబాయ్," అందామె. "నీ పిడికిలి ఎంతని?"

గింజలు పలక మీద జారలేదు. ముద్దలుగా అతుక్కున్నాయి. పుల్లతో విడదీసి లెక్కపెట్టింది. నలభై ఒకటి. నలభై నాలుగు. ముప్పై ఎనిమిది. నలభై. నలభై ఆరు. తప్పు లెక్కపెట్టానేమోనని నిట్టు నడిమిది రెండోసారి లెక్కపెట్టింది. తప్పు లేదు. మొన్న సోమవారం ముక్కు దగ్గర పెట్టుకున్న గింజ గుర్తొచ్చింది.

బల్ల దగ్గర మేనేజరు ఎర్ర ముద్ర తనే తీసి, ఇంకు అద్ది, పిడి ఆమె వైపు తిప్పి అందించాడు. "చూశావా, నీ చేత అబద్ధం రాయించే రకాన్ని కాదమ్మా నేను."

తిడితే ఓర్చుకునేది. బెదిరిస్తే ఎదురు తిరిగేదేమో. ఈ మర్యాదకి ఏం చెయ్యాలో ఆమెకి తెలియలేదు. ముద్ర వెయ్యకుండా లేచి పోదామనుకుంది. పోతే? ఇంకొకరొచ్చి వేస్తారు. వాళ్ళు వేసినా నిజమే వేస్తారు. ఈ బియ్యం ఏ పిల్లకి పెట్టినా వాంతులే. ఆమె ముద్ర వేసింది. 'చెడిపోవడానికి కారణం' అన్న గడిలో పెన్ను గట్టిగా నొక్కి, "మంచి బియ్యం మీద కావాలని పోసిన నీళ్ళు" అని రాసింది.

మేనేజరు వంగి చదివాడు. "రాసుకో తల్లీ. మనసులో పెట్టుకుంటే మంచిది కాదు. ఆ గడి ఎవరూ చదవరు," అన్నాడు.

గంటకల్లా ఫ్యాక్టరీ లారీలు వచ్చాయి. ఎత్తడానికి చేతులు చాలవని తమ మనుషుల్నీ పంపారు. వాళ్ళలో భర్త ఉన్నాడు. ఉద్యోగం నిలిచిందన్న వెలుగు మొహంలో ఇంకా ఆరలేదు. మొదటి బస్తా వీపు మీదికి ఎక్కించుకోగానే ఆ మురుగు నీళ్ళు మెడ మీంచి చొక్కాలోకి కారాయి. బస్తా వేడి తగిలి ఉలిక్కిపడ్డాడు. నీళ్ళు ఎక్కడివని ఎవరినో అడిగాడు. వాళ్ళు చెప్పారు. అప్పుడు తలెత్తి పరీక్ష గది కిటికీలో ఉన్న భార్యని చూశాడు. బస్తా మోసుకుంటూ లారీ వైపు నడిచాడు. ఆ తర్వాత మోసిన ప్రతి బస్తాకీ కిటికీ వైపు కాకుండా చుట్టూ తిరిగి వెళ్ళాడు.

ఆమె ఎవరికీ చెప్పకుండా బయటికొచ్చి బడికి నడిచింది. అంత వేగంగా ఎందుకు నడుస్తోందో ఆమెకే తెలియదు. కళ్ళు మూసినా తెరిచినా నల్ల పలక మీద గింజలు కదులుతున్నాయి. నలభై, నలభై ఒకటి అని పెదవులు వాటంతటవే లెక్కపెడుతున్నాయి.

చెల్లెలు అప్పటికే చీర ఎగదోపుకుని సామాను గది కడిగేసింది. నేల ఇంకా ఆరలేదు. గోడల చెమ్మ అంటకుండా ఇటుకలు పేర్చి, వాటి మీద చెక్కలు పరిచింది. ఎలకలు రాకుండా కన్నాలకి గుడ్డలు కుక్కింది. అక్కని చూసి చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"లారీ ఏదీ? వెనకొస్తోందా? చూడు, యాభై బస్తాలు పడతాయి. నిన్న కూడా నిండా పెట్టానక్కా. ఓ పిల్ల రెండోసారి అడిగితే అది కూడా పెట్టాను."

జల్లెడమ్మ ఆ చెక్కల వంక చూస్తూ నిలబడింది. చెప్పింది. పచ్చ ముద్ర, సెలవు, పైపు, ఎర్ర ముద్ర, అన్నీ వరసగా, ఎవరో రాసిచ్చిన కాగితం చదువుతున్నట్టు చెప్పింది. చెల్లెలు విన్నాక పొయ్యి దగ్గరికెళ్ళి మూత తీసి చూసింది.

"ఇవాళ్టికి సగం వస్తుంది," అంది. "రేపటికి లేదు."

"నావల్లే."

చెల్లెలు గరిటె తీసి కడిగి, పిడి తుడిచి, అక్క చేతిలో పెట్టింది. "నువ్వు వడ్డించు. ఇరవై రోజులు సగం సగం నేనే పెట్టాను. మళ్ళీ మొదట్నించీ సగం పెట్టడం నావల్ల కాదు," అని సామాను గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

బయట గంట కొట్టారు. పిల్లలు తోసుకుంటూ వచ్చి వరసకట్టారు. రెండు రోజులనించీ వాళ్ళు పరుగెత్తి వస్తున్నారు. అందరికంటే ముందు ఓ ఏడేళ్ళ పిల్ల, రెండు జడలు, పళ్ళెం రెండు చేతులా పట్టుకుని వచ్చి నిలబడింది. జల్లెడమ్మ గరిటె ముంచింది. సగానికి మించి వచ్చిన గింజల్ని గిన్నె అంచుకి రాసింది. మిగిలింది పళ్ళెంలో పెట్టింది.

ఆ పిల్ల పళ్ళెం వెనక్కి తియ్యలేదు. రెండో సగం కోసం అలాగే పట్టుకుని, ఆమె మొహంలోకి నమ్మకంగా చూస్తూ నిలబడింది.